ఒపోరా: చుక్కలు చూసి కోసిన పంట

ప్రాచీన గ్రీకులకు కోతలు రెండు. వేసవి మొదట్లో బార్లీ, గోధుమ కోసేవారు. ఆ వేడి రోజుల పేరు 'థెరోస్'. మన 'ఘర్మం' పుట్టిన ధాతువే దానికీ మూలం. ద్రాక్ష, అంజూరం పండేది ఆ తర్వాత. ఆ కాలమే 'ఒపోరా'. 'ఒప్' అంటే తరువాత; మిగిలిన భాగం కోతకాలాన్ని సూచించే పాత మాట అని భాషావేత్తలు ఎక్కువమంది భావిస్తారు. శరత్తుకు రష్యన్లు వాడే 'ఓసెన్' దానికి చుట్టమే.

ఒపోరాకు హద్దులు నెలలు కావు, నక్షత్రాలు. లుబ్ధకుడు, అంటే సిరియస్, ఏటా సుమారు 70 రోజులు సూర్యకాంతిలో మరుగునపడి ఉంటాడు. తర్వాత ఒకనాటి వేకువలో, పొద్దు పొడిచే ముందు, తూర్పు దిక్కున కాసేపు తళుక్కుమంటాడు. ఆనాటి గ్రీసులో అది జులై చివర. అక్కడి నుంచి సెప్టెంబరు మధ్యలో స్వాతి వేకువన కనిపించేదాకా ఒపోరా. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి నెలలు రుతువుల నుంచి జరిగిపోతాయి. రైతుకు చుక్కలే నమ్మకమైన లెక్క.

క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియడ్ ఈ లెక్కతోనే పని చెప్పాడు. స్వాతి వేకువన కనిపించగానే ద్రాక్షగుత్తులన్నీ కోసి ఇంటికి తేవాలి. పది పగళ్లు, పది రాత్రులు ఎండకు పరచాలి, అయిదు రోజులు నీడన ఉంచాలి, ఆరోనాడు రసాన్ని జాడీల్లోకి తీయాలి. ఎంత తెలివైన పద్ధతి! కాయలోని నీరు ఇగిరి చక్కెర చిక్కబడుతుంది, ద్రాక్షసారా తియ్యగా వస్తుంది.

ఒపోరాను మొదలుపెట్టే లుబ్ధకుణ్ణి చూసి జనం జడిసేవారు కూడా. హోమర్ కావ్యం ఇలియడ్‌లో ట్రాయ్ ముసలి రాజు ప్రియామ్ కంటికి, మైదానంలో దూసుకొస్తున్న గ్రీకు వీరుడు అకిలీస్ జ్వరాలు తెచ్చే ఈ ఒపోరా నక్షత్రంలా మెరుస్తాడు.

రానురాను ఆ మాట కాలాన్ని దాటి పండుకే పేరైంది. గ్రీకు కవి పిండార్ దాన్ని నిండు యవ్వనానికి వాడాడు. నేటి గ్రీకులో పండ్ల దుకాణం 'ఒపొరొపొలీయో'. శరత్తు 'ఫ్థినోపొరో', అంటే తరిగిపోతున్న ఒపోరా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒపోరా క్రీ.పూ. 421 నాటి ఏథెన్స్ రంగస్థలం మీద ఉంది. క్రీ.పూ. 431లో ఏథెన్స్, స్పార్టాల మధ్య మొదలైన యుద్ధంలో, పైరు పండే వేళకు స్పార్టా సేనలు పదేపదే వచ్చిపడి పొలాలు పాడుచేశాయి. రైతులు నగరం గోడల లోపల తలదాచుకున్నారు. అరిస్టోఫెనీస్ నాటకంలో త్రిగయోస్ అనే ద్రాక్షరైతు గుహలో పూడ్చిపెట్టిన శాంతిదేవతను బయటికి లాగిస్తాడు. ఆమె వెంట వచ్చిన ఒపోరాను పెళ్లాడతాడు. ఆ నాటకం ఆడిన ఉత్సవం ముగిసిన వెంటనే ఏథెన్స్, స్పార్టా సంధి చేసుకున్నాయి.