నారి కురుపు: మందు లేకుండానే మాయమవుతున్న జబ్బు

ఒంట్లో పొడవాటి పురుగు పెరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చే జబ్బు నారి కురుపు (గినియా వార్మ్). అది బతికేది నీళ్ల మీదే. లోపలి పురుగు బయటికి వచ్చే ముందు కాలి మీద పొక్కు లేస్తుంది. ఆ మంట భరించలేక మనిషి బావిలోనో చెరువులోనో కాలు పెడతాడు. పొక్కు చితికి, ఆడపురుగు లక్షల్లో పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. సైక్లాప్స్ అనే అతిచిన్న నీటి జీవులు వాటిని మింగుతాయి. రెండు వారాల తర్వాత ఆ నీళ్లు వడగట్టకుండా తాగారంటే, కడుపులో సైక్లాప్స్ అరిగిపోతుంది గానీ దానిలోని పురుగు పిల్లలు చావవు. పేగు గోడ తొలుచుకుని ఒంట్లోకి దూరతాయి. జతకట్టాక ఆడది ఏడాదిపాటు పెరుగుతుంది: సేమియా పోగంత మందం, మీటరు దాకా పొడవు. అన్నాళ్లూ మనిషికి ఏమీ తెలియదు.

దాన్ని బయటికి తీయడం ఇంకో నరకం. తల కనబడగానే చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఓపిగ్గా లాగాలి. తొందరపడితే తెగిపోతుంది, లోపలి ముక్క వాచి చీము పడుతుంది. వారాల తరబడి మంచమే గతి. పొలం పనుల అదనులో ఇంట్లో ఇద్దరు ఇలా పడిపోతే ఆ ఏడు తిండిగింజలు కూడా కష్టమే. మందు లేదు, టీకా లేదు, ఒకసారి వచ్చింది కదా మళ్లీ రాదులే అన్న ధీమా కూడా లేదు.

అయినా 1986లో 21 దేశాల్లో ఏటా 35 లక్షల మందికి వస్తుందని అంచనా వేసిన ఈ జబ్బు, 2024లో 15 మందికే వచ్చింది. నన్ను కదిలించేది ఈ అంకె కంటే అది సాధ్యమైన తీరు. ఊళ్లలో వాలంటీర్లు ఇంటింటికీ సన్నటి వడపోత గుడ్డలు పంచారు. పశువులు మేపేవాళ్లు మెడలో వేసుకోవడానికి, నీళ్లు పీల్చి తాగే, ఫిల్టర్ అమర్చిన గొట్టాలు ఇచ్చారు. కురుపు ఉన్నవాళ్లను నీళ్లలో దిగనివ్వకుండా కట్టు కట్టి చూసుకున్నారు. గుంటల్లో సైక్లాప్స్ చచ్చేలా టెమిఫాస్ అనే పురుగుమందు కలిపారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ ఈ పనికి ముందు నిలిచింది. 1995లో సూడాన్ అంతర్యుద్ధం మధ్య ఆయన ఒప్పించడంతో తుపాకులు దాదాపు ఆరు నెలలు ఆగాయి, ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లలోకి వెళ్లగలిగారు.

మన దగ్గరా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఇది ఉండేది. మెట్లు దిగి, కాళ్లు నీళ్లలో పెట్టి బిందె ముంచుకునే దిగుడు బావులే దానికి నెలవు. వాటి బదులు బోరింగులు వేశారు, మెట్ల బావులను మార్చారు. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించింది.

ఇక గెలిచేశాం అనుకుంటున్న సమయంలో, 2012లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో కుక్కల కాళ్లలోంచి ఇదే పురుగు రావడం గమనించారు. ఆ తర్వాత కొన్నేళ్లలో ఒక్క ఏడాదిలోనే వెయ్యికి పైగా కుక్కల్లో కనబడింది. నది ఒడ్డున పారేసిన పచ్చి చేపల పేగులు తినడం వల్ల వాటికి సోకుతూ ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. అందుకే ఇప్పుడు అక్కడ చేపల వ్యర్థాలను పూడ్చిపెడుతున్నారు, పురుగు కనబడిన కుక్కను కట్టేస్తున్నారు, కబురు చెప్పినవాళ్లకు బహుమతి ఇస్తున్నారు. కుక్కకు చెరువు నీళ్లు తాగొద్దని చెప్పలేం కాబట్టి ఈ చివరి మజిలీకే ఎక్కువ మనుషులు, ఎక్కువ డబ్బు కావాలి. పదిహేను కేసులే కదా అని దాతలు ఇప్పుడు చేయి వెనక్కి తీసుకుంటే, ఒక్క కురుపు కాలు ఒక్క గుంటలో పడినా మళ్లీ ఊరంతా పాకుతుంది. కార్టర్ 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఈ జబ్బును ప్రపంచం నుంచి పూర్తిగా తుడిచిపెట్టాలన్న గడువు 2030. వరసగా మూడేళ్లు ఒక్క కేసూ లేదని నిఘాలో తేలితేనే ఒక దేశానికి ధ్రువీకరణ దక్కుతుంది. చాద్, మాలి, దక్షిణ సూడాన్, సూడాన్, ఇథియోపియా, అంగోలాలకు ఇంకా అది దక్కలేదు.