కౌలింగ్ మీద పేరు బోటు పేరు కాదు: పాత మోటర్ బోట్ల అపోహలు - వాస్తవాలు

నిన్న కూడా ఒక ఫొటో వచ్చింది. ఎండకి వెలిసిపోయిన ఫైబర్ బోటు, వెనకాల ఒక అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజన్), దాని కౌలింగ్ (ఇంజన్ మూత) మీద సగం ఊడిన స్టిక్కర్. కింద ప్రశ్న: "అన్నా, ఇది ఫలానా కంపెనీ బోటే కదా, ఆ కంపెనీ ఇంజన్లు గట్టివంటారు, తీసేసుకోమంటావా?" కంపెనీ పేరు మారుతుంది గానీ ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి ఇదే. ఇందులో రెండు తప్పులున్నాయి. ఇంజన్ మీద పేరుని బోటు పేరనుకోవడం ఒకటి, ఆ పేరుని బట్టే ఇంజన్ మంచీచెడూ తేల్చేయడం రెండోది. మొదటిదాంతో టైమ్ పోతుంది, రెండోదాంతో డబ్బు పోతుంది, ఒక్కోసారి ఒడ్డు కనబడనంత దూరంలో ఇంజన్ ఆగిపోయి కూర్చోవాల్సొస్తుంది.

అడిగేవాళ్ళని ఏమీ అనట్లేదు. చాలామందికి ఆ బోటు నాన్నదో తాతదో, కాగితాలుండవు, చెప్పేవాళ్ళుండరు. నాకు చిరాకల్లా ఫొటో చూసి పది సెకన్లలో తీర్పిచ్చేసే మహానుభావుల మీదే. (నేనూ ఒకప్పుడు ఆ బాపతే. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన బోటు ఎవరు చేశారయ్యా అనడిగితే ఇంజన్ మీద పేరు చదివి చెప్పేశాను. ఆయన ఏడాదిపాటు ఆ కంపెనీకి ఉత్తరాలు రాసుకున్నాడు పాపం, వాళ్ళు జన్మలో బోటు చేసిన పాపాన పోలేదు.)

అపోహ: ఇంజన్ ఎవరిదో బోటూ వాళ్ళదే.

అవుట్‌బోర్డ్ అంటే బోల్టులు విప్పితే ఊడొచ్చే వస్తువు. పాత బోటుకి ఇప్పుడున్నది రెండోదో మూడోదో ఇంజన్ అయ్యుంటుంది. ఇన్‌బోర్డ్‌లో (ఇంజన్ బోటు లోపలే ఉండే రకం) కూడా అంతే, క్రిస్-క్రాఫ్ట్ లాంటి బోట్ల కంపెనీ సొంతంగా మెరైన్ ఇంజన్లు కూడా చేసేది, అవి వేరేవాళ్ళ హల్‌లలో (హల్ అంటే బోటు ఒళ్ళు) కూడా కూర్చున్నాయి, కాబట్టి ఇంజన్ ప్లేటు మీద ఆ పేరు కనిపించినంత మాత్రాన ఇంట్లో నిధి దొరికినట్టు కాదు. అసలు ఇంజన్ మీద పేరు కూడా ఇంజన్ చేసినవాడిదే అవ్వాలని లేదు. జాన్సన్, ఎవిన్‌రూడ్ దశాబ్దాలపాటు ఓఎంసీ అనే ఒకే కంపెనీవి, రంగు, స్టిక్కర్ తేడా తప్ప లోపల అదే ఇంజన్. సియర్స్ దుకాణాల పేరు మీద అమ్మిన అవుట్‌బోర్డ్‌లు వేరేవాళ్ళు చేసిపెట్టినవి. నిస్సాన్ అవుట్‌బోర్డ్ అంటే లోపల తొహత్సు కంపెనీది.

బోటు పుట్టుక తెలియాలంటే వెనక ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) చూడాలి, కుడివైపు, పైఅంచుకి దగ్గర్లో. అమెరికాలో 1972 నవంబర్ 1 నుంచి తయారైన ప్రతి బోటుకీ అక్కడ 12 అక్షరాల హల్ నంబర్ ఉండాలి. మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్, తర్వాత ఐదు సీరియల్, చివరి నాలుగు తేదీ. యూరప్ పద్ధతి నంబరైతే ముందు రెండక్షరాలు దేశం కోడ్, మొత్తం 14. పెయింట్ కింద పూడుకుపోయి ఉంటే గీకేయకండి దయచేసి, తడి గుడ్డతో తుడిచి టార్చిలైట్ పక్క నుంచి ఏటవాలుగా కొట్టండి, నీడల్లో అక్షరాలు లేస్తాయి. అక్కడ చెరిగిపోయినా 1984 ఆగస్టు తర్వాతి బోటైతే ఇంకో కాపీ కంటికి కనబడనిచోట, ఏ ఫిట్టింగ్ కిందో ఉంటుంది.

తేదీ దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. 1984 ముందు రెండు పద్ధతులు నడిచాయి. 0576 అని ఉంటే 1976 మే, అది తేలిక. ఎమ్ అక్షరంతో మొదలైతే మాత్రం వెనక రెండంకెలు మోడల్ సంవత్సరం, చివరి అక్షరం నెల, ఆ నెలలు అంతకుముందు ఏడాది ఆగస్టు నుంచి లెక్క, ఏ అంటే ఆగస్టు, బీ అంటే సెప్టెంబర్. అంటే చివర్లో బీ చూసి ఫిబ్రవరి అనుకున్నారంటే లెక్క మొత్తం తప్పిపోయినట్టే. 1984 తర్వాతి పద్ధతిలో మళ్ళీ ఏ అంటే జనవరి, జీ586 అంటే 1985 జూలైలో తయారైన 86 మోడల్. ఇంకొకటి, మూతపడ్డ కంపెనీ కోడ్‌ని తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, కాబట్టి అమెరికా కోస్ట్‌గార్డ్ జాబితాలో మూడక్షరాలు కొట్టగానే వచ్చిన మొదటి పేరు పట్టుకుని ఎగరకండి, తేదీతో కలిపి చూడండి.

హల్ నంబర్ లేకపోతే దొంగ బోటు అని భయపెడతారు కొందరు. 1972కి ముందుదైతే ఉండదు, అంతే.

"హల్ షేప్ చూసి చెప్పేస్తా" అనేవాళ్ళకి ఒక్క కేసు చెప్తాను. బోనిటో బోట్స్ అనే కంపెనీ 1976లో ఒక ఫైబర్ హల్ తెచ్చింది. అమ్మకానికున్న బోటు నుంచే అచ్చు తీసుకుని దించేసే పద్ధతి ఒకటుంది, దాన్ని నిషేధిస్తూ ఫ్లోరిడా 1983లో చట్టం చేసింది, ఆ చట్టం పట్టుకుని బోనిటో వాళ్ళు థండర్ క్రాఫ్ట్ అనే కంపెనీ మీద కోర్టుకెళ్తే 1989లో అమెరికా సుప్రీంకోర్టు చట్టాన్నే కొట్టేసింది. మళ్ళీ 1998లో గానీ హల్ డిజైన్లకి కేంద్ర చట్టం రాలేదు. ఆ కాలంలో ఒకే ఒంపు బోటు నాలుగు పేర్లతో తిరిగితే ఆశ్చర్యం ఏముంది.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

అపోహ: ఫలానా బ్రాండ్ ఇంజన్ చచ్చినా ఆగదు, ఫలానాది ముట్టుకోకూడదు.

ఈ ఒక్క మాట నమ్మి జనం పోగొట్టుకున్నంత ఇంకే మాటకీ పోగొట్టుకోలేదు. ఇరవై, ముప్పై ఏళ్ళ ఇంజన్ దగ్గర బ్రాండ్ పోలిక అంటే యాభై ఏళ్ళొచ్చిన ఇద్దరు మనుషుల ఆరోగ్యాన్ని ఇంటిపేర్లు చూసి చెప్పడమే. ఒకే మోడల్, ఒకే ఏడాది ఇంజన్లు రెండు నా చేతికొచ్చాయి, ఒకటి రోజూ పనికెళ్ళేది, అరిగిన భాగాలు మార్చుకుంటూ హాయిగా నడుస్తోంది, రెండోది షెడ్డులో మెరుస్తూ ఉంది, పిస్టన్ గీసుకుపోయింది. పెట్రోల్ స్టెర్న్‌డ్రైవ్‌లలోనైతే (ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట ఉండే రకం) ఈ వాదన ఇంకా నవ్వొస్తుంది. మెర్‌క్రూజర్ గొప్పా వోల్వో పెంటా గొప్పా అని కొట్టుకునే ఇద్దరి ఇంజన్ బ్లాకులూ చాలాసార్లు కార్లు చేసే జీఎం ఫ్యాక్టరీవే, 4.3 లీటర్ల వీ6 గానీ 5.7 లీటర్ల వీ8 గానీ. తేడా డ్రైవ్‌లో ఉంటుంది, విడిభాగాలు దొరకడంలో ఉంటుంది. బ్రాండ్ చూడాల్సింది అక్కడ, ఇప్పటికీ పార్టులొస్తున్నాయా లేదా అని.

ఈ మాటకి కవల తమ్ముడు ఇంకోటుంది: "తక్కువ గంటలు నడిచింది, కొత్తదానికింద లెక్క." కాదు బాబూ. ఇంజన్ నడిస్తే మెల్లగా అరుగుతుంది, నిలబడితే ఎక్కడో కనబడకుండా కుళ్ళుతుంది. ఎలాగో చెప్తాను. నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఏళ్ళ తరబడి ఒకే భంగిమలో ఉంటే రెక్కలు వంగినవి వంగినట్టే గట్టిపడిపోతాయి, స్టార్ట్ చేసిన రోజు విరుగుతాయి, విరిగిన ముక్కలు కూలింగ్ దారుల్లోకెళ్ళి అడ్డుపడతాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా ఆ ముక్కలు వెతికి తీయకపోతే మళ్ళీ వేడెక్కుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, జెట్ (పెట్రోల్ వెళ్ళే చిన్న రంధ్రం) సన్నబడుతుంది. ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో నడిచే టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేదే పెట్రోల్‌తోపాటు కదా, జెట్ మూసుకుంటే ఆ సిలిండర్‌కి పెట్రోలూ తగ్గుతుంది, ఆయిలూ తగ్గుతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. పిస్టన్ పట్టేయడానికి ఇంకేం కావాలి?

ఒకాయన వచ్చాడు, తొంభై గంటలే నడిచిన ఇంజన్ కొన్నానని ముఖం వెలిగిపోతోంది. పదకొండేళ్ళు నిలబడింది అది. ఒడ్డున నీళ్ళ గొట్టం పెట్టి స్టార్ట్ చేసి చూపించాడట అమ్మినాయన, కుట్టుమిషన్‌లా తిరిగిందట. ఒడ్డున లోడ్ ఉండదు కాబట్టి ఏ ఇంజనైనా తిరుగుతుంది. నీళ్ళలో దించి ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక పావుగంటలో పై సిలిండర్ పోయింది. ఆయన అడిగిన మొదటి మాట: "ఈ బ్రాండే అంత కదా?" ఆ మాటకి కోపం రావాలి, కానీ ఆయన చేతులు వణుకుతున్నాయి, దాచుకున్న డబ్బు మొత్తం పెట్టాడు, ఏమనగలం. టీ తాగించి, రీబోర్ చేస్తే (సిలిండర్ తొలిచి కొత్త పిస్టన్ వేస్తే) బతుకుతుందో లేదో చూద్దాం అన్నాను. బతికింది, అది వేరే సంగతి.

కాబట్టి పోల్చాలనుకుంటే బ్రాండ్లని కాదు, మీ ముందున్న రెండు ఇంజన్లని పోల్చండి. స్పార్క్ ప్లగ్‌లన్నీ తీసి, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో) గేజ్‌తో చూడండి. గేజ్ గేజ్‌కీ అంకె మారుతుంది కాబట్టి అంకె కోసం తలకొట్టుకోకండి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుందా లేదా అన్నదే లెక్క. తర్వాత గేర్ ఆయిల్. ఇంజన్ స్టార్ట్ చేయకముందే, రాత్రంతా నిలబడ్డాక, గేర్ కేస్ కింది డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేయండి, నీళ్ళు చేరుంటే అడుక్కి దిగి ముందు అవే వస్తాయి. నడిపాక చూస్తే ఆయిల్‌లో కలిసిపోయి పాలలా వస్తుంది, అదీ ప్రమాదమే, సీల్ పోయిందని అర్థం. చివరగా నీళ్ళలో, లోడ్‌తో, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం కంపెనీ చెప్పిన రేంజ్‌కి చేరుతోందా చూడండి. చేరకపోతే ఇంజన్‌నే తప్పుపట్టకండి, స్పీడ్ కోసం ఎవరో పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకి తోసే దూరం) ఎక్కువున్న ప్రొపెల్లర్ బిగించుంటారు, పాపం ఇంజన్ ఎప్పుడూ ఎత్తు గేరులో కొండెక్కుతున్నట్టు ఈడుస్తూ ఉంటుంది.

ఉప్పునీళ్ళలో తిరిగిన ఇన్‌బోర్డ్ అయితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, రైజర్లు (పొగ బయటికెళ్ళే దారులు, చుట్టూ కూలింగ్ నీళ్ళు తిరుగుతాయి) విప్పించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. లోపల తుప్పు తినేస్తే నీళ్ళు నేరుగా సిలిండర్‌లోకి దిగుతాయి. బయట పెయింట్ నిగనిగలాడుతూ ఉంటుంది.

మిగతావి గబగబా. టూ స్ట్రోక్ మొండిది, ఫోర్ స్ట్రోక్ సున్నితం అని ఒకడు, దానికి రివర్స్‌లో ఇంకొకడు: ఇద్దరూ తప్పే, రెంటికీ సర్వీస్ కావాలి. పక్క నుంచి నీటిధార జోరుగా వస్తోంది కాబట్టి కూలింగ్ బాగున్నట్టే అంటారు, పంపు తోడుతోందని మాత్రమే దానర్థం, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ సంగతి అది చెప్పదు. ఇంజన్ మీద సీరియల్ ప్లేటు ఊడిపోతే ఇక సంవత్సరం తెలియదు అంటారు, పాత ఓఎంసీ, మెర్క్యురీ ఇంజన్లలో బ్లాక్ పక్కనున్న గుండ్రటి ప్లగ్ మీద కూడా నంబర్ కొట్టి ఉంటుంది, చూడండి. 1980 నుంచి ఓఎంసీ మోడల్ నంబర్లో సంవత్సరాన్ని అక్షరాల్లో దాచారు, ఇంట్రడ్యూసెస్ అనే ఇంగ్లీషు మాటకి పదక్షరాలు, ఐ అంటే 1, ఎన్ అంటే 2, అలా చివరి ఎస్ అంటే సున్నా. సీఐ అని ఉంటే 81. మొదటిసారి అర్థమైనప్పుడు చిన్నపిల్లాడిలా గంతులేశాను.

ఒక్కదాని మీద మాత్రం గబగబా వెళ్ళను: "బ్లాక్ కారుదే కదా, కారు స్టార్టర్, కారు ఆల్టర్నేటర్, కారు కార్బొరేటర్ వేసేస్తే పోలా." వేయకండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున బిల్జ్‌లో చేరి కూర్చుంటుంది, కారులోలా కిందనుంచి ఎగిరిపోదు. మెరైన్ స్టార్టర్, ఆల్టర్నేటర్ లోపల పుట్టిన నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా చేస్తారు, మెరైన్ కార్బొరేటర్ పొంగినా పెట్రోల్ లోపలికే పోయేలా ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే ప్రమాదం. పాత బోటు కొంటే ముందు ఇవి ఎవరైనా మార్చారేమో చూడండి, తర్వాతే తాళంచెవి తిప్పండి, అదీ బ్లోయర్ (బిల్జ్‌లో ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) కొన్ని నిమిషాలు ఆడించాక.

నిన్నటి ఫొటో ఆయన ఇవాళ పొద్దున ట్రాన్సమ్ ఫొటో పంపాడు, టార్చి పక్కనుంచి కొట్టి మరీ. చివర్లో ఎమ్79సీ. 79 మోడల్, తయారైంది 1978 అక్టోబర్. ఇంజన్ మాత్రం దానికి పదేళ్ళు చిన్నది, బోటు కంపెనీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కంప్రెషన్ గేజ్ ఎవరిదో అరువు తెచ్చుకున్నాడట, ఇందాకే ఇంకో మెసేజ్, రెండో ప్లగ్ ఊడట్లేదన్నా అని. బలం పెట్టొద్దు, పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్ అన్నాను.