పదికి ఆరు అంటే సగం దాటినట్టు కాదు

కావలిలో మా పెదనాన్న బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కాగితం మడత విప్పి చూపించి, "పదికి ఆరట. సగం దాటిపోయింది కదరా" అన్నారు. అందులో ఉన్నది 'గ్లీసన్ స్కోరు 3+3=6'. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎంత తీవ్రమో చెప్పే అంకె అది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసి, చెన్నై వెళ్లి ప్రోస్టేట్ గ్రంథి తీయించేద్దామని ఇంట్లో అప్పటికే తీర్మానం అయిపోయింది. నిజానికి ఆ ఆరు మొదటి మెట్టు. మొదటి మెట్టుకు ఆరో నంబరు ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

1960ల్లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు (కణాలను సూక్ష్మదర్శినిలో చూసి వ్యాధి తేల్చే వైద్యుడు), గ్రంథిలో కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి 1 నుంచి 5 వరకు అంకెలు వేశారు. ఎక్కువగా కనిపించే రెండు అమరికల అంకెలు కూడితే స్కోరు. అంటే లెక్క 2తో మొదలు కావాలి. కాలక్రమంలో సూదితో తీసిన ముక్కలకు 1, 2 అంకెలు వేయడం దాదాపు మానేశారు. 2005లో అంతర్జాతీయ నిపుణులూ అదే మాట అన్నారు. ఇక కనిష్ఠం 3+3. ఇంటి ముందు కింది మెట్లు నాలుగూ పూడ్చేసి, పై మెట్ల నంబర్లు మాత్రం మార్చనట్టు! 2014లో దీనికే 'గ్రేడ్ గ్రూప్ 1' అని పేరు పెట్టారు. కానీ పక్కన ఆ మాట ఉన్నా కళ్లు ఆరు మీదే పడతాయి.

ఇలాంటి కణితులు ఇన్ని బయటపడటానికి కారణం ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్‌ఏ పరీక్ష. వ్యాధి ఉన్నవారిని గమనించడానికి 1986లో అనుమతించిన ఈ పరీక్షను 1994లో వ్యాధిని పట్టడానికీ అమెరికా ఒప్పుకుంది. ఏ బాధా లేనివారికి బయాప్సీ సూది పడింది, ఆ వెంటనే కత్తో రేడియేషనో. ప్రాణం దక్కిందని మొక్కులు తీర్చుకున్నవారిలో చాలామందికి అసలు ముప్పే లేదు. మూత్రం ఆగకపోవడం, దాంపత్యం దెబ్బతినడం మాత్రం కొందరికి మిగిలాయి. దీన్ని గొప్ప వైద్యమని నేనైతే అనను.

1990ల మధ్యలో టొరంటోలో లారెన్స్ క్లాట్జ్ బృందం కోయకుండా కనిపెట్టి ఉండే పద్ధతి మొదలుపెట్టింది. గాలికి వదిలేయడం కాదిది. పీఎస్‌ఏ, వేలితో పరీక్ష, మళ్లీ బయాప్సీ, ఇప్పుడైతే ఎంఆర్‌ఐ కూడా. ముదిరే సూచన కనిపిస్తే అప్పుడు చికిత్స. బ్రిటన్‌లో 1,643 మందిపై జరిగిన ప్రోటెక్ట్ అధ్యయనం 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. గమనించినా, కోసినా, రేడియేషన్ ఇచ్చినా ఈ వ్యాధితో పోయినవారు నూటికి ఇంచుమించు ముగ్గురే. వ్యాధి ఇతర భాగాలకు పాకినవారు మాత్రం గమనింపులో నూటికి 9 మంది, మిగతా రెండింటిలో 5గురు. అయితే అందులో ఆరు స్కోరు దాటినవారూ ఉన్నారు, ఇప్పటిలా ఎంఆర్‌ఐ నిఘా లేదు.

ఆరు స్కోరుకు క్యాన్సర్ అన్న పేరే తీసేయాలని కొందరు వైద్యులు అంటున్నారు. తీసేస్తే పరీక్షలకు రావడం మానేస్తారనీ, సూదికి దొరకని చోట ముదురు కణితి దాగి ఉండవచ్చనీ మరికొందరి భయం. నాకు రెండోవారి మాటే సబబనిపిస్తుంది.

పెదనాన్న టికెట్లు రద్దు చేయలేదు. అదే రైల్లో వెళ్లి ఎంఆర్‌ఐ తీయించుకుని, స్లైడ్లు మరో పాథాలజిస్టుకు చూపించి వచ్చారు. గోడ క్యాలెండరులో ఆరు నెలల తర్వాతి తేదీకి ఎర్ర సున్నా చుట్టి, పక్కన 'రక్తం' అని రాసుకున్నారు.