తొమ్మిదో నంబరు చొక్కా మీద పేరు తప్పు కాదు

చిరంజీవులు ముగ్గురికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు సెలవులకు వచ్చి వెళ్తూ నా ఊదారంగు చొక్కా కూడా సంచిలో వేసుకుపోయారని నిన్న తెలిసింది. పోనీలే. అయితే దాని వెనక ఉన్న పేరు చూసి, "తాతయ్యకు ఎవరో నకిలీ సరుకు అంటగట్టారు, స్పెల్లింగ్ కూడా సరిగా లేదు" అని మీలో పెద్దది తీర్పు చెప్పేసిందట. ముప్పై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దినవాణ్ణి, తప్పు స్పెల్లింగ్ ఉన్న చొక్కా డబ్బు పెట్టి కొంటానా? అది తప్పు కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే 2019లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు జరిగినదంతా చెప్పాలి. ఓపిక పట్టండి.

ఆ ఏడాది ఆగస్టు నుంచి జనవరి దాకా నేనూ మీ నానమ్మా బాటన్ రూజ్‌లో మీ అత్త ఇంట్లో ఉన్నాం. ఆ ఊరి జనాభా రెండు లక్షల పైచిలుకు. ఊళ్లోని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (అందరూ ఎల్‌ఎస్‌యూ అంటారు) ఉన్న ఆట మైదానంలో మాత్రం 1,02,321 మంది కూర్చోవచ్చు. కాలేజీ పిల్లలు ఆడే ఆటకు! స్టేడియం ఎదుట రోడ్డుకు అవతల, జట్టుకు గుర్తుగా, నిజమైన పులి ఉంటుంది. దాని పేరు మైక్. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది, పేరు మాత్రం అదే. నేను చూసింది ఏడో మైక్‌ను. 1988లో ఇక్కడ ఒక మ్యాచ్ చివరలో జనం ఎగిరిన ఎగురుడికి యూనివర్సిటీలోని భూకంపాలు కొలిచే యంత్రం మీద గీత కదిలిందంటే మొదట నేను నమ్మలేదు. నిజమే.

వాళ్లు దీన్ని ఫుట్‌బాల్ అంటారు కానీ కాలితో తన్నేది బహు తక్కువ. మొదటి వారం నాకేమీ అర్థం కాలేదు. ఒకరి మీద ఒకరు పడటం, లేవటం, మళ్లీ పడటం. తర్వాత తెలిసింది, ఇది భూమి తగాదా అని. మైదానం పొడవు వంద గజాలు. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగగలిగితే మళ్లీ నాలుగు ఇస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్లది. అలా జరుగుతూ జరుగుతూ చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని కర్రల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. బంతి పట్టుకుని పరిగెత్తవచ్చు, లేదా ముందున్న తనవాడికి విసరవచ్చు (అదే పాసు). ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసినవాడు క్వార్టర్‌బ్యాక్. ఈలోగా అయిదారుగురు బండల్లాంటి మనుషులు అతడి మీదికి దూకుతూ ఉంటారు.

ఎల్‌ఎస్‌యూ ఎప్పుడూ మంచి జట్టే. 1958లో, 2003లో, 2007లో దేశానికే విజేత. కానీ వాళ్లది పాతకాలపు ఆట. గట్టిగా కాపు కాయటం, బంతి పట్టుకుని నేల మీదే నెట్టుకుంటూ పోవటం. పక్క రాష్ట్రాల జట్లన్నీ విసిరే ఆట నేర్చుకుంటున్నా వీళ్లు మారలేదు. అలబామా చేతిలో వరసగా ఎనిమిది సార్లు ఓడారు. అందులో మొదటిది 2012 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన జాతీయ ఫైనల్. ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు ఆ రాత్రి 21-0తో, సున్నా మూటగట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ రాత్రి ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ జెఫర్సన్. ఈ ఇంటిపేరు గుర్తుంచుకోండి. ఎనిమిదోసారి 2018లో, సొంత మైదానంలో, లక్షమంది ముందు, 29-0. మళ్లీ సున్నాయే.

ఆ 29-0 మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ పేరు జో బర్రో. ఒహాయో రాష్ట్రం పిల్లవాడు. తండ్రి కాలేజీ జట్టుకు కోచ్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరి మూడేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. మ్యాచుల్లో మొత్తం మీద విసిరిన పాసులు 39. అక్కడ తన వంతు రాదని తెలిశాక డిగ్రీ పట్టా పుచ్చుకుని 2018లో బాటన్ రూజ్ వచ్చాడు. ఆ ఏడాది ఆట ఫరవాలేదు. 16 టచ్‌డౌన్ పాసులు; వందకు 58 లెక్కన సరిగ్గా చేరాయి. నా దగ్గర చదువుకుని ఉంటే "కష్టపడితే బాగుపడతాడు" అని రాసేవాణ్ణి, అంతకన్నా కాదు.

అతణ్ణి తీసుకున్న కోచ్ ఎడ్ ఆర్జిరాన్ కథ కూడా అలాంటిదే. లూసియానా దక్షిణాన బయూ లఫూర్ష్ పక్కన పెరిగిన కేజన్ మనిషి, అంటే ఎప్పుడో కెనడా వైపు నుంచి తరిమివేస్తే ఇక్కడ చిత్తడి నేలల్లో స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ల వంశం. గొంతు తిరగలిలో రాళ్లు పడ్డట్టు ఉంటుంది. కుర్రతనంలో ఇదే ఎల్‌ఎస్‌యూలో చేరి, ఉండలేక ఇంటికి వచ్చేసి, టెలిఫోన్ తీగల కోసం గోతులు తవ్వే పనిలో చేరాడు. తర్వాత వేరే కాలేజీలో ఆడాడు. మిసిసిపీలో ప్రధాన కోచ్‌గా మూడేళ్లు చేసి 25 మ్యాచులు ఓడితే తీసేశారు. కాలిఫోర్నియాలో తాత్కాలికంగా పెట్టుకుని, బాగానే గెలిపించినా ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. 2016లో ఎల్‌ఎస్‌యూ కూడా మొదట తాత్కాలికంగానే పెట్టుకుంది.

ఒకచోట వద్దన్న కుర్రవాడు, రెండుచోట్ల వద్దన్న కోచ్, పద్ధతి మార్చుకోని కాలేజీ. 2019లో వీళ్లు 15 మ్యాచులు ఆడి 15 గెలిచారు. 726 పాయింట్లు, పెద్ద కాలేజీల ఆటలో అప్పటికి ఒక సీజన్‌లో అన్నిటికన్నా ఎక్కువ. బర్రో టచ్‌డౌన్ పాసులు 16 నుంచి 60కి పోయాయి, వందకు 58 కాస్తా 76 అయింది. (60 కూడా అప్పటికి రికార్డే, రెండేళ్లకు వేరే కాలేజీవాడు 62 చేశాడు.) లెక్కల మాస్టారిని కదా, ఇలాంటి అంకెలు చూస్తే ముందు కాపీ కొట్టాడేమోనని అనుమానం వస్తుంది. మనిషి అతడే, కోచ్ అతడే, మైదానం అదే. మరి ఏం మారింది?

మారింది ఆట. ఆ జనవరిలో ఆర్జిరాన్ జో బ్రేడీ అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. వయసు 29. న్యూ ఆర్లీన్స్‌లోని వృత్తి ఆటగాళ్ల జట్టులో చిన్న సహాయకుడు. అతడు తెచ్చిన ఆలోచన మీకు క్రికెట్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఫీల్డర్లందరూ పిచ్ దగ్గరే గుమిగూడితే పరుగు దొరకదు. అదే వాళ్లను బౌండరీల దాకా చెదరగొడితే మధ్యలో ఎక్కడ చూసినా ఖాళీయే. బ్రేడీ పాసు అందుకునేవాళ్లను అయిదుగురిని మైదానం అడ్డంగా పరిచేశాడు. కాపు కాసేవాళ్లు వాళ్ల వెంట చెదిరిపోక తప్పదు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ చేయవలసిందల్లా ఖాళీ ఎక్కడుందో చటుక్కున చూడటం. మూడేళ్లు బెంచీ మీద కూర్చుని చూడటం తప్ప వేరే పని లేని బర్రోకు ఆ విద్య బాగా వచ్చు.

అందరూ బ్రేడీని మెచ్చుకున్నారు, ఉత్తమ సహాయక కోచ్ బహుమతి కూడా ఇచ్చారు. నాకు మాత్రం స్టీవ్ ఎన్స్‌మింగర్ అంటే ఎక్కువ గౌరవం. పాయింట్లు తెచ్చే దాడి ఆటకు అసలు పెద్ద ఆయనే. 1970లలో ఇదే కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన అరవై ఏళ్ల మనిషి. తన కొడుకు వయసువాడు వచ్చి పద్ధతంతా తిరగరాస్తుంటే పక్కకు జరిగి చోటిచ్చాడు, మ్యాచ్ నడిపించే బాధ్యత మాత్రం వదలలేదు. స్టాఫ్ రూములో కొత్త మాస్టారు వస్తే నేను ఎంత చోటిచ్చానో మీ నానమ్మను అడగండి. వద్దులే, అడగకండి.

సెప్టెంబరులో టెక్సస్ యూనివర్సిటీ మీద, వాళ్ల ఊళ్లోనే మ్యాచ్. చివరి మూడు నిమిషాల్లో ఆరు పాయింట్ల ఆధిక్యం, మూడో అవకాశం, పోవలసింది ఇంకా 17 గజాలు. పాత ఎల్‌ఎస్‌యూ అయితే బంతి కడుపుకు హత్తుకుని కాలం గడిపేది. బర్రో మీద మనుషులు పడుతుండగా విసిరాడు. అందుకున్నవాడు 61 గజాలు పోయి గీత దాటాడు. 45-38. ఆ పట్టినవాడు జస్టిన్ జెఫర్సన్, పైన చెప్పిన జోర్డన్‌కు తమ్ముడు. ఇంకో అన్న రికీ కూడా ఇక్కడే ఆడాడు. ఈ చిన్నవాణ్ణి మాత్రం స్కూలు రోజుల్లో పెద్ద కాలేజీలు అంతగా పట్టించుకోలేదు.

అన్నీ అలా ధారాళంగా సాగలేదు. అక్టోబరులో ఆబర్న్‌తో 23-20. ఆ రోజు బతికించింది కొత్త ఆట కాదు, పాతకాలపు కాపు కాయటమే. నవంబరు 9న అలబామా, వాళ్ల మైదానంలో. సగం ఆటకు 33-13 ముందున్నారు, చివరికి 46-41తో ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు నాకు నచ్చినవాడు క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్, బాటన్ రూజ్ కుర్రవాడే. ఆ ఆటలో మరీ పొట్టివాడి కిందే లెక్క, నాకన్నా ఓ అంగుళం ఎక్కువేమో. బొంగరంలా తిరిగి పట్టు విడిపించుకుంటాడు. ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఎనిమిది ఓటముల తర్వాత వచ్చిన గెలుపు. మా పక్కింటి పెద్దాయన వీధిలోకి వచ్చి ఏడ్చాడు. నాకు పేరు కూడా తెలియని మనిషి నన్ను వాటేసుకున్నాడు.

ఇక మీ చొక్కా. నవంబరు 30, టెక్సస్ ఎ అండ్ ఎం జట్టుతో, సొంత మైదానంలో చివరి మ్యాచ్. ఆఖరి ఏడాది కుర్రాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి జనానికి చూపించే ఆనవాయితీ. బర్రో పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీపు మీద తొమ్మిది నంబరు, పైన పేరు. చివర ఉండవలసిన 'ఓ, డబ్ల్యు' లేవు. వాటి స్థానంలో 'ఇ, ఎ, యు, ఎక్స్' ఉన్నాయి. అక్కడి ఫ్రెంచి వంశాలవాళ్లు 'ఓ' అనే పలుకును అలా రాస్తారు. వీధుల పేర్లలో, దుకాణాల బోర్డుల మీద ఎక్కడ చూసినా అదే. ఒహాయో కుర్రవాడు తన ఇంటిపేరును ఆ ఊరి స్పెల్లింగ్‌లో రాయించుకుని వచ్చాడు. స్టేడియం ఎలా అరిచిందో మీ అత్త ఇంటి వరండాలోకి వినిపించింది. 50-7. మర్నాడు కొట్టుకు పోయి అలాంటిదే నేనూ కొన్నాను.

డిసెంబరులో న్యూయార్క్‌లో బర్రోకు కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీ ఇచ్చారు. మాట్లాడటానికి లేచి చాలాసేపు ఏడ్చాడు. ఆపైన తన ఊరు ఉన్న ఏథెన్స్ కౌంటీలో బడి నుంచి ఇంటికి పోతే తినడానికి పెద్దగా ఏమీ ఉండని పిల్లలున్నారని, వాళ్ల కోసమే ఇక్కడ నిలబడ్డానని అన్నాడు. అది విని ఆ ప్రాంతంవాడొకరు అక్కడి ఆహార భాండారానికి వెయ్యి డాలర్లు పోగుచేద్దామని మొదలుపెడితే అయిదు లక్షలు దాటింది. అతడు ఊరు మారాడు, స్పెల్లింగ్ మార్చుకున్నాడు, అయినా ఆ వేదిక మీద గుర్తొచ్చింది ఒహాయోనే.

డిసెంబరు 28న అట్లాంటాలో సెమీఫైనల్ రోజున ఎన్స్‌మింగర్ కోడలు ఆ ఆట చూడటానికే బయలుదేరిన చిన్న విమానం కూలి చనిపోయింది. ఆట మొదలుకాబోయే ముందు కబురు తెలిసింది. ఆయన వెళ్లి తన కుర్చీలో కూర్చుని మ్యాచ్ నడిపించాడు. 63-28. మొదటి సగంలోనే బర్రో ఏడు టచ్‌డౌన్ పాసులు విసిరాడు, నాలుగు జస్టిన్ జెఫర్సన్‌కు. ఆ అంకెలు చూసి ఎవరికీ నోట మాట రాలేదు, ఆయన ముఖం చూసినవాళ్లకు అసలే రాలేదు.

2020 జనవరి 13న ఫైనల్, న్యూ ఆర్లీన్స్‌లో, జెఫర్సన్‌ల పెద్దవాడు సున్నాతో ఓడిన అదే స్టేడియం పైకప్పు కింద. ఎదుటి క్లెమ్సన్ జట్టు 29 మ్యాచులుగా ఓడలేదు. ఒక దశలో 17-7 ముందుంది. చివరికి ఎల్‌ఎస్‌యూ 42, క్లెమ్సన్ 25. జెమార్ చేస్ ఒక్కడే 221 గజాలు లాక్కున్నాడు, ఆ పక్క పేటలవాడే.

తర్వాత? ఏప్రిల్లో 14 మందిని వృత్తి జట్లు ఎత్తుకుపోయాయి. బ్రేడీ కూడా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు అయిదు గెలుపులు, అయిదు ఓటములు. 2021 సీజన్‌తో ఆర్జిరాన్‌ను కూడా సాగనంపారు. ఇంకో మాట నాకు మింగుడు పడలేదు. ఆ లక్ష సీట్ల సొమ్ములో ఆడిన కుర్రాళ్లకు అప్పట్లో ఫీజులు, తిండి, వసతి ఖర్చులే తప్ప జీతం లేదు. కోచ్‌లకు లక్షల డాలర్లు. 2021 నుంచి తమ పేరు మీద ప్రకటనలతో సంపాదించుకోనిచ్చారు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వవచ్చన్నారు. ఈ పదిహేను మ్యాచుల పిల్లల్లో చాలామందికి ఆ వెసులుబాటు అందలేదు.

ఆ వృత్తి జట్ల ఎంపికలో అందరికన్నా ముందు బర్రోను ఎంచుకున్నది సిన్సినాటి జట్టు, ఒహాయోలోనిదే. మరుసటి ఏడు చేస్‌ను కూడా అక్కడికే తెచ్చారు.

వచ్చే సెలవులకు చొక్కా వెనక్కి తీసుకురండి. ఉతికితే తిరగేసి ఉతకమనండి, ఇస్త్రీ పెట్టనివ్వకండి. ఆ నాలుగు అక్షరాల్లో ఎక్స్ ఇప్పటికే కొంచెం ఊడి వస్తోంది.

ఇట్లు,
మీ తాతయ్య