యూనివర్సిటీ "13.5 కోట్లు ఇస్తోంది" అంటే ఊరి చేతికి వచ్చేదెంత?

అమెరికాలో యూనివర్సిటీల భవనాలకు చాలావరకు ఆస్తి పన్ను ఉండదు. అందుకే కొన్ని యూనివర్సిటీలు ఊరితో ఒప్పందం చేసుకుని, పన్నుకు బదులు స్వచ్ఛందంగా కొంత ఇస్తుంటాయి. అలా యేల్ యూనివర్సిటీ తన ఊరు న్యూహేవెన్‌కు ఆరేళ్లలో 13.5 కోట్ల డాలర్లు ఇస్తుందని 2021 నవంబరులో ప్రకటన వచ్చింది. అప్పటినుంచి తమ యూనివర్సిటీలూ ఇలా ఇవ్వాలని అడిగే మిగతా ఊళ్ల ప్రచార సమావేశాల్లో ఆ అంకె వినపడని రోజు లేదు. దాన్ని సరిగ్గా చదవకపోవడం వల్లే ఊళ్లు ఎక్కువగా నష్టపోతున్నాయి.

అపోహ: ప్రకటించిన మొత్తమంతా కొత్త నగదే.

కాదు. ఆ 13.5 కోట్లలో కొత్తగా చేరింది 5.2 కోట్లే. మిగతాది యేల్ ముందునుంచీ ఇస్తున్న స్థాయి చెల్లింపే. ఆ 5.2 కోట్లయినా మొదటి ఐదేళ్లు ఏటా కోటి, ఆరో ఏడు 20 లక్షలు. అంటే ఆరో బడ్జెట్‌లో ఒక్కసారిగా 80 లక్షల లోటు. ఆ డబ్బును నమ్ముకుని శాశ్వత ఉద్యోగాలు వేస్తే అప్పుడు జీతాలకు వెతుక్కోవాల్సిందే. అందుకే తర్వాతి ఒప్పందం గురించి కనీసం ఏడాదిన్నర ముందే మాట్లాడటం మొదలుపెట్టాలి.

బోస్టన్ పద్ధతి వేరు. 2012 ఆర్థిక సంవత్సరం నుంచి, 1.5 కోట్ల డాలర్లకు మించి పన్ను లేని ఆస్తి ఉన్న సంస్థలను, పన్ను పడితే ఎంతయ్యేదో అందులో 25 శాతం అడుగుతోంది. అందులో సగం దాకా స్కాలర్‌షిప్‌ల వంటి సేవల రూపంలో చూపుకోవచ్చు. ఇదే పద్ధతిలో ఓ ఉజ్జాయింపు లెక్క: ఆస్తి 10 కోట్లు, రేటు వెయ్యికి 20 డాలర్లు అనుకుంటే పన్ను 20 లక్షలు. పావు వంతు 5 లక్షలు. సేవలు తీసేస్తే ఖజానాకు చేరేది 2.5 లక్షలు. అదీ స్వచ్ఛందమే, కట్టకపోతే జరిమానా లేదు.

పెన్ యూనివర్సిటీ 2020లో ఒప్పుకున్న 10 కోట్లు పదేళ్లకు. అవి ఫిలడెల్ఫియా స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, బడుల్లో ఆస్‌బెస్టాస్, సీసం తొలగించడానికి వెళ్తాయి. పిల్లల ఆరోగ్యానికి ఎంతో అవసరమైన పని. కానీ ఆ డబ్బుతో వీధి దీపాలు వేయడానికి కుదరదు.

కాబట్టి ఒప్పందం చేతికి రాగానే ముందు మొత్తాన్ని ఏళ్లతో భాగించండి. పాత చెల్లింపు తీసేయండి. సేవల విలువ తీసేయండి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చూడండి. ఏటేటా పెంపు రాసి ఉందా? లేకపోతే ధరలు పెరిగేకొద్దీ దాని విలువ కరిగిపోతుంది. యూనివర్సిటీ రేపు ఇంకో భవనం కొని పన్ను జాబితాలోంచి తప్పిస్తే ఏం జరుగుతుందన్నది చాలామంది మరిచిపోయే షరతు. ఇలా పోయిన పన్నుకు కొన్నేళ్లు, తగ్గుతూ వచ్చే పరిహారం ఇస్తామని న్యూహేవెన్ ఒప్పందంలో ఉంది.

అపోహ: యూనివర్సిటీకి 501(సి)(3) హోదా, అంటే లాభాపేక్ష లేని సంస్థగా గుర్తింపు, ఉంటే ఊరు ఏమీ చేయలేదు.

ఆ హోదా ఫెడరల్ ఆదాయ పన్నుకు సంబంధించినది. ఆస్తి పన్ను మినహాయింపు రాష్ట్ర చట్టం ఇస్తుంది, అదీ భవనాన్ని దేనికి వాడుతున్నారన్నదాన్ని బట్టి. అద్దెకిచ్చిన దుకాణాలకు సాధారణంగా పన్ను పడుతుంది. ప్రిన్స్‌టన్‌లో కొందరు స్థానికులు అక్కడి యూనివర్సిటీ పేటెంట్ రాయల్టీలను, భవనాల వాణిజ్య వాడకాన్ని చూపి, దాని పన్ను మినహాయింపుపై 2011లో కేసు వేశారు. 2016లో యూనివర్సిటీ 1.8 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు రాజీ పడింది. మీరూ ఎసెసర్ (ఆస్తుల విలువ కట్టే అధికారి) కార్యాలయంలో మినహాయింపు ఆస్తుల జాబితా తీసుకుని భవనం భవనంగా చూడండి. అది అందరూ చూడగల రికార్డే.

అపోహ: యూనివర్సిటీ ఎండోమెంట్‌కు (విరాళాలతో పోగైన పెట్టుబడి నిధికి) ఇప్పటికే పన్ను పడుతోంది, ఊరికి ఇంకేం కావాలి?

నిజమే, కొన్ని సంపన్న సంస్థలకు. 2017 చట్టం పెట్టుబడి ఆదాయంపై 1.4 శాతం వేసింది, 2025 చట్టం దాన్ని కొన్నిటికి 8 శాతం దాకా పెంచింది. కానీ అదంతా వెళ్లేది ఫెడరల్ ఖజానాకు, ఊరికి కాదు.

అపోహ: ఒప్పందం కుదిరితే మా ఇంటి పన్ను తగ్గుతుంది.

ప్రతి మూడు నెలలకు బిల్లు చూసి గుండె దడ పుట్టే వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ వచ్చిన డబ్బు ముందు పెన్షన్ బకాయిలకో, బడులకో పోతుంది. రేటు తగ్గాలంటే కౌన్సిల్ విడిగా నిర్ణయించాలి. ఈలోపు మీ ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే అబేట్‌మెంట్‌కు (పన్ను తగ్గింపుకు) దరఖాస్తు పెట్టుకోండి. మసాచుసెట్స్‌లో మూడు నెలలకోసారి బిల్లు వేసే ఊళ్లలో సాధారణంగా ఫిబ్రవరి 1 ఆఖరు తేదీ. ఒక్క రోజు దాటినా ఆ ఏడాదికి తీసుకోరు.