చిన్న చిమ్మటల సర్వే: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘ఈ ప్రాంతంలో మొదటిసారి నమోదైంది’ అంటే ఆ జాతి ఇప్పుడే ఇక్కడికి వచ్చిందని.

సర్వేలు చేసేవాళ్లం తరచూ వినే మాట ఇది. మొదటి నమోదు అంటే ఎవరో తొలిసారి చూసి, గుర్తుపట్టి, రాసిపెట్టారని మాత్రమే. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు ఆకులను తొలిచే కామెరారియా ఓహ్రిడెల్లా అనే చిన్న చిమ్మట సంగతే చూడండి. 1980లలో మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర బయటపడింది, 1986లో శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాత యూరప్ అంతా పాకి 2002లో బ్రిటన్ చేరింది. అసలు ఎక్కడిదన్నది ఏళ్ల తరబడి తేలలేదు. చివరికి ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలలోని ఎండుటాకులు వెతికితే, 1879లో గ్రీస్‌లో సేకరించిన కొమ్మల్లోనే దాని లార్వాలు (పురుగు దశలో ఉన్న పిల్లలు) దొరికాయి. పేరు పెట్టడానికి నూరేళ్ల ముందు నుంచీ ఆ చుట్టుపక్కల బాల్కన్ దేశాల్లో ఉందన్నమాట! బ్రిటన్‌కు మాత్రం నిజంగానే కొత్త. పాత నమూనాలు దాచిన వాళ్ల పుణ్యాన ఈ తేడా తెలిసింది.

అపోహ: రాత్రి తెల్లగుడ్డ కట్టి లైటు పెడితే అన్నీ వచ్చి వాలతాయి.

రావు. గాలి లేని, ఉక్కగా మబ్బుపట్టిన రాత్రి బాగా వస్తాయి, నిండు వెన్నెల్లో తగ్గుతాయి. కొన్ని జాతులు ఎప్పుడోగానీ లైటు దగ్గరికి రావు. అందుకే నా దృష్టిలో అసలు సర్వే పగలే, ఆకులు తిరగేయడంలోనే ఉంది. లోపల పురుగు తొలిచిన సొరంగాలతో పాముపొడలా చారలు పడ్డ ఆకును వెలుతురుకు ఎత్తి పట్టండి. లోపలి పురుగుకు గోధుమరంగు గట్టి తల కనిపిస్తే చిమ్మట కావచ్చు, విడిగా తలే లేకపోతే ఈగ పిల్ల. నెప్టిక్యులిడే అనే చిమ్మటల కుటుంబంలో చాలావాటికి సొరంగం మొదట్లో మెరిసే చుక్కలా గుడ్డు పెంకు, నడిమధ్య సన్నటి గీతలా రెట్ట ఉంటాయి. పురుగు వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ సొరంగం కూడా ఆధారమే. మొక్క పేరు తెలిస్తే సగం గుర్తింపు అయినట్టే.

అపోహ: మంచి ఫోటో ఉంటే చాలు.

కొన్నిటికి చాలు. చాలావాటికి చాలదు. రెక్కల మీది మచ్చలు అచ్చం ఒకేలా ఉండే జాతులను విడదీయాలంటే పొట్టభాగాన్ని మెత్తటి కండను కరిగించే పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. డీఎన్ఏ బార్‌కోడ్, అంటే జాతిని గుర్తుపట్టేందుకు చదివే చిన్న డీఎన్ఏ ముక్క, సాయపడుతుంది గానీ, పోల్చుకోవడానికి సరైన పేరుతో ఉన్న డీఎన్ఏ క్రమం ముందే ఉండాలి. ప్రాణం తీయడం నాకూ ఇష్టం ఉండదు, అందుకే కావలసిన ఒకటి రెండే ఉంచుకుని మిగతావి వదిలేస్తాను.

అపోహ: చిన్న చిమ్మటలన్నీ బట్టలు కొరికేవే.

బట్టలు తినేవి టినీడే కుటుంబంలో కొన్నే, అదీ లార్వా దశలోనే.

అపోహ: ఏమీ పడని రాత్రి రాయనక్కర్లేదు.

అదీ రాయాలి. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఏ లైటు, ఎన్ని గంటలు, వాతావరణం ఎలా ఉంది అన్నవి లేకపోతే, రేపు అక్కడ ఒక జాతి కనిపించినప్పుడు నిన్న నిజంగా లేదా, మనం సరిగా వెతకలేదా అన్నది ఎవరూ చెప్పలేరు.