దాని పేరు ఇప్పటికీ కరువు పనే

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఉపాధి హామీ అనే మాట కాగితాల్లోనే కనిపిస్తుంది. ఊళ్లో అడిగితే ‘కరువు పనికి పోతుండాం’ అంటారు. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో వీబీ జీ రామ్ జీ అనే కొత్త గ్రామీణ ఉపాధి చట్టాన్ని ఆమోదించినప్పటి నుంచి సీజన్‌లో ఈ పనులు ఆపాలా వద్దా అని మళ్లీ రగులుతున్న గొడవకు మూలం ‘కరువు పని’ అన్న ఆ పేరులోనే ఉంది.

కొత్త చట్టంలో పనిదినాలు 100 నుంచి 125కు పెరిగాయి. ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది, ఇక 40 శాతం రాష్ట్రం భరించాలి. విత్తనం, కోతల కాలంలో 60 రోజులు పనులు ఆపాలి. ఇక్కడి కూలీలకు టెన్షన్ ఆ 60 రోజులతోనే.

1876–78 ధాత కరువు నాటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది రోడ్ల పనులకు, కాలువ పనులకు ఎగబడ్డారు. ఖర్చు తగ్గించమని వచ్చిన బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. అంతకంటే దారుణం ఇంటికి పది మైళ్ల లోపు పని ఇవ్వొద్దన్న నిబంధన. ఇల్లు వదిలి వచ్చేంత ఆకలి ఉన్నవాడే నిజమైన పేదవాడని లెక్క. సాయం అందాలంటే ముందు ఆ పరీక్ష నెగ్గాలి.

2005 చట్టం తిరగేసింది సరిగ్గా దీన్నే. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని వీలైనంత వరకు ఊరికి 5 కిలోమీటర్ల లోపే ఉండాలి. పరీక్ష పేదవాడికి కాదు, సర్కారుకు. చిత్తూరు మొదటి విడతలోనే, 2006లో చేరింది. నా లెక్కలో ఈ కథకు మలుపు అక్కడే.

సీజన్‌లో పనులు ఆపాలన్న మాట కొత్తది కాదు. 2011లో అప్పటి వ్యవసాయ మంత్రి శరద్ పవార్ కూడా అదే కోరారు. కూలీలు దొరకడం లేదని, రేట్లు పెరిగాయని రైతులు అంటున్నారు. ఆ బాధ నిజమే.

కానీ పడమటి మండలాల్లో సీజన్‌ను నిర్ణయించేది వాన. విత్తేంత పదును వాన పడితే వేరుశెనగ విత్తనం వారం పది రోజుల్లో అయిపోతుంది. పడకపోతే జూన్ పోయి జూలై వస్తుంది, గుంటక కదలదు. ప్రాంతాన్ని బట్టి వేర్వేరు తేదీలు ప్రకటించే వీలు చట్టంలో ఉంది. అయితే తేదీలు ముందే ప్రకటించాలి. వానకు ఆ తేదీలతో పని లేదు. వాన రాకుండానే ఆ 60 రోజులు మొదలైతే చేలో పని ఉండదు, చెరువులో కరువు పనీ ఉండదు.

మొన్న వేసవిలో పలమనేరు వైపు ఒక చెరువు పూడికతీత చూశాను. ఉదయం ఆరింటికే యాభై మంది దాకా దిగారు, ఎక్కువగా ఆడవాళ్లు. నేల రాయిలా ఉంది. గడ్డపార దిగబడక ముందు రోజే నీళ్లు పోసి నానబెట్టుకున్నారు. హాజరు ఫొటో రోజుకు రెండుసార్లు ఆన్‌లైన్‌లో పెట్టాలి. సిగ్నల్ కోసం కూలీల పని చూసే మేట్ ఫోన్ పట్టుకుని కట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు, కింద అందరూ వరుసలో నిలబడి ఉన్నారు. 2025–26లో రోజు కూలి 307 రూపాయలు, అదీ కొలత నిండితేనే. ఒక పెద్దామె తన గుంత అంచును పారతో చెక్కుకుంటూనే ఉంది, టేపుకు అంగుళం తగ్గుతుందేమోనని.

ఈ పనీ లేకపోతే వయసులో ఉన్నవాళ్లు కుప్పంలో బెంగళూరు రైలెక్కుతారు. ఆమె ఎక్కలేదు. 60 రోజుల గడువు మొదలై వాన రాకపోతే పనులు మళ్లీ తెరుస్తారా, తెరిచేది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వం తేదీలు ప్రకటించే ముందు ఆమెలాంటి వాళ్లకు ఈ జవాబు చెప్పాలి.